ఎకరంలో ఎన్ని ఇళ్లు?

ఊరి చివర పొలంలో సున్నం పూసిన రాళ్లు పాతారంటే ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. అక్కడ ఇళ్లు రాబోతున్నాయి. కానీ రాయికీ రాయికీ మధ్య ఇంతే దూరం ఉండాలని ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? ఈ సంగతి చాలామందికి తెలియదు. రాళ్లు పాతిన తర్వాత అడిగితే ప్రయోజనం తక్కువ. రాళ్ల కంటే ముందు కాగితం ఉంటుంది. కాగితం మీద పటం ఉంటుంది. అడగాల్సింది అప్పుడు.

చందర్లపాడు మెట్ట ప్రాంతం. పత్తి, మిరప పండే నల్లరేగడి నేల. ఒకప్పుడు కృష్ణా జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. 2014లో కృష్ణ అవతల రాజధాని అన్నారు. ఆ తర్వాత ఇవతల నందిగామ, కంచికచర్ల దారుల వెంట కూడా పొలాలు ప్లాట్లయ్యాయి. మరోపక్క పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఇళ్ల స్థలాలు ఉన్నాయి. రెండింటిలోనూ ప్రశ్న ఒకటే. ఒక ఎకరంలో ఎన్ని ఇళ్లు పెట్టాలి? ఆఫీసు కాగితాల్లో దీన్ని 'నివాస సాంద్రత' అంటారు. మాట పెద్దది. లెక్క చిన్నది.

ముందు లెక్క

ఎకరానికి 100 సెంట్లు. ఇది పొలం పని చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. గజాల్లో అయితే ఎకరానికి 4,840 చదరపు గజాలు. సెంటుకు 48.4 చదరపు గజాలు. ఇంటి స్థలం అమ్మేటప్పుడు గజాల్లో చెబుతారు. ప్రభుత్వం ఇచ్చేటప్పుడు సెంట్లలో చెబుతుంది. అందుకే రెండూ తెలిసి ఉండాలి.

ఎకరంలో ఒక్కొక్కరికి ఒకటిన్నర సెంటు ఇస్తే ఎంతమందికి వస్తుంది? 66 మందికి అని వెంటనే చెప్పేస్తారు. అది తప్పు. దారి ఎక్కడ? మురుగు కాలువ ఎక్కడ? పిల్లలు ఆడుకునే చోటు ఎక్కడ? అవి తీసెయ్యాలి.

ఒక లేఅవుటులో దారులకు, కాలువలకు 30 శాతం పోయిందనుకోండి. ఖాళీ స్థలానికి 10 శాతం వదిలారనుకోండి. ఇక మిగిలింది 60 శాతం. అంటే 2,904 గజాలు. ఒకటిన్నర సెంటు అంటే 72.6 గజాలు. భాగిస్తే సరిగ్గా 40 ఇళ్లు వస్తాయి. అదే మూడు సెంట్లయితే 20 ఇళ్లు. ఐదు సెంట్లయితే 12 ఇళ్లే.

ఇంటికి నలుగురు చొప్పున 40 ఇళ్లలో 160 మంది ఉంటారు. ఇంటింటికీ కుళాయి ఇచ్చే జల జీవన్ మిషన్ లెక్క ప్రకారం ఊళ్లో మనిషికి రోజుకు 55 లీటర్ల నీళ్లు ఇవ్వాలి. 160 మందికి 8,800 లీటర్లు. ఒక్క ఎకరానికే ఇంత. అందులో ఎక్కువ భాగం మళ్లీ మురుగుగా బయటకు వస్తుంది. నల్లరేగడి నేల ఆ నీళ్లను తొందరగా పీల్చుకోదు. వానాకాలంలో అసలే పీల్చుకోదు. కాలువ లేకపోతే ఆ నీళ్లు గుమ్మం ముందే నిలుస్తాయి. దోమలు చేరతాయి. పునాదులు కుంగుతాయి. గోడలు బీటలు వారతాయి.

కాబట్టి ఇళ్లు ఎక్కువా తక్కువా అని మాత్రమే అడిగితే చాలదు. అన్ని ఇళ్లకూ సరిపడా నీళ్లు వస్తాయా, అంత మురుగూ ఎటు పోతుంది అని అడగాలి.

ఒకటిన్నర సెంటా, మూడు సెంట్లా?

ఈ వాదన రాష్ట్రమంతా నడిచింది. 'నవరత్నాలు - పేదలందరికీ ఇళ్లు' పథకంలో ఊళ్లలో ఒకటిన్నర సెంటు, పట్టణాల్లో ఒక సెంటు చొప్పున స్థలం ఇచ్చారు. 2020 డిసెంబర్ 25న పంపిణీ మొదలుపెట్టారు. సుమారు 30 లక్షల మందికి పట్టాలు ఇచ్చామని ప్రభుత్వం చెప్పింది. పట్టాలు ఆడవాళ్ల పేర ఇచ్చారు. అందులో కట్టే ఇల్లు 340 చదరపు అడుగులు.

ఒకటిన్నర సెంటు అంటే ఎంత? ఇరవై అడుగుల వెడల్పు, ముప్ఫై మూడు అడుగుల పొడవు అనుకోవచ్చు. తాడు పట్టుకుని వాకిట్లో కొలిచి చూస్తే తెలుస్తుంది. ఇల్లు కట్టాక సుమారు 310 చదరపు అడుగులు మిగులుతాయి. మరుగుదొడ్డి, దాని గుంటలు అందులోనే. నీళ్ల తొట్టి అందులోనే. పత్తి తీసే రోజుల్లో ఇంటికి వచ్చిన పత్తి ఎక్కడ పోస్తారు? పొయ్యిలోకి పత్తికట్టె ఎక్కడ పేరుస్తారు? గేదె ఉంటే ఎక్కడ కడతారు? పట్నంలో ఈ ప్రశ్నలు రావు. పల్లెలో వస్తాయి. పల్లెలో ఇల్లంటే పడుకునే చోటు మాత్రమే కాదు. అది సగం పని చేసుకునే చోటు.

2021 అక్టోబర్ 8న ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఒక జడ్జి దీని మీద తీర్పు చెప్పారు. ఇంత చిన్న చోట కుటుంబం ఆరోగ్యంగా బతకగలదా అని అడిగారు. కమిటీ వేసి పరిశీలించాలన్నారు. అందాకా కట్టుబడి ఆపమన్నారు. అదే ఏడాది నవంబరు చివర్లో ఇద్దరు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పును పక్కన పెట్టింది. కట్టుబడి మళ్లీ మొదలైంది. 2024లో వచ్చిన ప్రభుత్వం ఊళ్లలో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్లు ఇస్తామని నిర్ణయించింది.

మూడు సెంట్లు అంటే వినటానికి బాగుంది. నిజంగానే మంచిది. కానీ ఇక్కడ ఇంకో లెక్క ఉంది. ఊళ్లో ఇల్లు లేని కుటుంబాలు 120 ఉన్నాయనుకోండి. ఒకటిన్నర సెంటు చొప్పున అయితే మూడెకరాలు చాలు. మూడు సెంట్ల చొప్పున ఆరెకరాలు కావాలి. ఆ ఆరెకరాలు ఎక్కడ ఉన్నాయి? ఊరిని ఆనుకుని దొరికితే సరే. దొరకదు. ఊరికి దూరంగా వాగు పక్కన పల్లంలో దొరుకుతుంది. అక్కడికి బడి దూరం. ఆసుపత్రి దూరం. కూలికి తీసుకెళ్లే ఆటో అక్కడికి రాదు. అప్పుడు పెద్ద స్థలం ఉండి కూడా జనం అక్కడికి పోరు. లేదా 120 మందిలో 60 మందికే ఇచ్చి మిగతావాళ్లను ఆగమంటారు. ఆగమంటే ఎన్నేళ్లు ఆగాలో ఎవరూ చెప్పరు.

పల్లం సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణకు 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద వచ్చింది. అంత వరద అంతకుముందు ఎప్పుడూ నమోదు కాలేదు. కృష్ణ, మునేరు ఒడ్డున ఉన్న ఊళ్లకు నీళ్లు ఎంత దూరం వచ్చాయో అక్కడివాళ్లకు తెలుసు. స్థలం ఎంపిక చేసేటప్పుడు ఆ గుర్తు దగ్గర నిలబడి చూడాలి.

కృష్ణ అవతల ఏం జరిగింది?

ఒక చోట ఎన్ని ఇళ్లు ఉండాలనే దాని మీద పెద్ద గొడవ కృష్ణకు అవతలి ఒడ్డున, దిగువన జరిగింది. అది రాజధాని అమరావతి. అక్కడ రైతులు తమ భూములను రాజధాని కోసం ప్రభుత్వానికి ఇచ్చారు. బదులుగా వాళ్లకు ప్లాట్లు ఇస్తామన్నారు. 2016లో రాజధానికి పెద్ద పటం తయారైంది. దాన్ని మాస్టర్ ప్లాన్ అంటారు. అందులో ఇళ్లు ఉండే చోట్లను నాలుగు రకాలుగా విడగొట్టారు. ఆర్1 అంటే ఇప్పటికే ఉన్న ఊళ్లు. ఆర్2 అంటే పలచగా ఇళ్లు. ఆర్3 అంటే ఒక మోస్తరు నుంచి కొంచెం దట్టంగా. ఆర్4 అంటే బాగా దట్టంగా.

2022 అక్టోబరులో ఐదో రకం కలుపుతామని ప్రకటన ఇచ్చారు. అభ్యంతరాలు చెప్పమన్నారు. 2023 మార్చిలో ఆర్5 జోన్ వచ్చింది. కృష్ణాయపాలెం, నిడమర్రు, కురగల్లు, మందడం, ఐనవోలు గ్రామాల్లో సుమారు 900 ఎకరాలు పేదల ఇళ్ల కోసమని గీత గీశారు. తర్వాత ఇంకా భూమి కలిపారు. మొత్తం 1,402 ఎకరాలయింది. ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల పేదలు 50,793 మందికి ఒక సెంటు చొప్పున లెక్క వేశారు. దారులన్నీ కలుపుకుంటే ఎకరానికి 36 ఇళ్లు. 2023 మే 26న వెంకటపాలెంలో పట్టాలు ఇచ్చారు.

రైతులు ఒప్పుకోలేదు. భూమి ఇచ్చినప్పుడు చూపించిన పటం వేరు, ఇప్పుడు గీసిన పటం వేరు అన్నారు. పేదల ఇళ్లకు చట్టంలోనే 5 శాతం భూమి ఉందని, దాన్ని మార్చి ఒక్కచోటే ఇలా ఇరికించటం ఏమిటని అడిగారు. ప్రభుత్వం ఏమంది? రాజధానిలో పేదవాడికి చోటు ఉండొద్దా అంది. సుప్రీంకోర్టు 2023 మేలో పట్టాలు ఇవ్వచ్చు కానీ చివరి తీర్పుకు లోబడి ఉండాలంది. ఆగస్టు 3న హైకోర్టు కట్టుబడి ఆపమంది. 2024లో ప్రభుత్వం మారింది. ఆ ఇళ్లు ముందుకు సాగలేదు.

ఈ కథలో ఎవరి పక్షం వాళ్లకు ఉంటుంది. కానీ ఒక సంగతి గమనించాలి. పట్టా కాగితం చేతిలో పట్టుకుని ఇల్లు రాక నిలబడ్డది పేదవాళ్లే. మొదటి పటం గీసేటప్పుడే పేదల ఇళ్లు ఎక్కడ, ఎకరానికి ఎన్ని అని అందరి ముందూ తేల్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

కిక్కిరిసినా బాగుండే ఊళ్లు

ఇళ్లు దగ్గర దగ్గరగా ఉంటే చెడ్డదేనా? కాదు. పాత ఊళ్లలో నడిబజారు చూడండి. గోడకు గోడ ఆనుకుని ఇళ్లు. ఒక్క గోడ రెండు ఇళ్లకు సరిపోతుంది. ఖర్చు తగ్గుతుంది. ఎండ తక్కువ తగులుతుంది. మరి అక్కడ ఎట్లా బతికారు? గొడ్లపాకలు, గడ్డివాములు, కళ్లాలు ఊరి అంచున వేరే పెట్టుకున్నారు. ఇంట్లో చోటు తగ్గితే ఊరి ఉమ్మడి చోటు ఆదుకుంది. ఇప్పటి కాలనీల్లో ఇల్లు చిన్నది, ఉమ్మడి చోటు కూడా లేదు. అసలు ఇబ్బంది అది.

హైదరాబాదు దగ్గర కొల్లూరులో తెలంగాణ ప్రభుత్వం 145 ఎకరాల్లో 117 బ్లాకులు, 15,660 ఇళ్లు కట్టింది. 2023 జూన్ 22న ప్రారంభించారు. ఎకరానికి 108 ఇళ్లు. అంతస్తు మీద అంతస్తు వేస్తే అన్ని పడతాయి. అయితే లిఫ్టు తిరగాలి. నీళ్లు పైకి ఎక్కాలి. వాటికి కరెంటు బిల్లు నెలనెలా ఎవరో కట్టాలి. పత్తి చేలో కూలికి పోయి వచ్చేవాళ్లకు తొమ్మిదో అంతస్తు ఎందుకు? గేదెను లిఫ్టులో ఎక్కించలేరు కదా! అందుకని ఒక చోట పనికొచ్చిన లెక్క ఇంకో చోట పనికి రాదు. చందర్లపాడు లాంటి చోట లెక్క అక్కడి జనం పనిని బట్టి ఉండాలి.

సభలో వినబడే మాటలు

1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఊళ్లో ఓటున్న ప్రతి ఒక్కరూ గ్రామసభలో సభ్యులే. సర్పంచి, వార్డు మెంబర్లు కూర్చునేది పంచాయతీ సమావేశం. ఊరంతా కూర్చునేది గ్రామసభ. రెండూ ఒకటి కాదు. ప్రభుత్వ ఇళ్ల స్థలం ఎవరికి రావాలో ఆ జాబితాను గ్రామసభలో చదవాలి. ప్రైవేటు లేఅవుటు అయితే పొలం యజమాని పంచాయతీకి అర్జీ పెట్టుకోవాలి. పటానికి టౌన్ ప్లానింగ్ వాళ్ల అనుమతి కావాలి. లేఅవుటులో 10 శాతం ఖాళీ స్థలం పంచాయతీ పేర రాసివ్వాలి. ఆ చోటు ఊరిది. అమ్మిన మనిషిది కాదు. కొన్న మనిషిది కూడా కాదు. చాలా చోట్ల కొన్నాళ్లకు ఆ చోటు మీదే ఇంకో ప్లాటు లేస్తుంది. పటం ఎవరి దగ్గరా ఉండదు కాబట్టి అడిగేవాళ్లు ఉండరు.

సభలో ఇళ్ల స్థలాల మాట వస్తే రకరకాలుగా మాట్లాడతారు. "ఎంత చిన్నదైనా సరేనయ్యా, ముందు నా పేరు రాయండి" అంటుంది అద్దె కొంపలో ఉన్న ఆమె. ఆమె బాధ నిజం. "ఇప్పుడు ఇద్దరం. రేపు మా పిల్లాడికి పెళ్లయితే ఎక్కడ పడుకుంటాడు సర్పంచి గారూ?" అంటుంది ఇంకో పెద్దమ్మ. అదీ నిజమే. ఈ ఇద్దరినీ ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పి సభ ముగించటం తేలిక. ఇద్దరికీ జవాబు ఉండే పటం గీయటం కష్టం. పునాది గట్టిగా వేసి, పైన ఒక గది లేపుకోవటానికి వీలు ఇస్తే పెద్దమ్మకు సగం జవాబు దొరుకుతుంది. కాలనీ అంచున గొడ్లకు, కట్టెకు ఉమ్మడి చోటు వదిలితే ఇంకాస్త దొరుకుతుంది.

మూడో మాట కూడా వినబడుతుంది. "అక్కడ అన్ని ఇళ్లు వస్తే ఊరు పాడైపోతుంది" అంటారు. ఈ మాట అన్నవాళ్లను మెల్లగా అడగాలి. ఏం పాడవుతుంది బాబాయ్? నీళ్లు చాలవా? కాలువ పొంగుతుందా? దారి ఇరుకవుతుందా? వీటికి లెక్క ఉంది. లెక్క వేసి సరిచేయచ్చు. ఆ లెక్కలన్నీ సరిపోయిన తర్వాత కూడా వద్దంటున్నారంటే, వాళ్లు వద్దంటున్నది ఇళ్లను కాదు, అక్కడికి వచ్చే మనుషులను. ఏ కులం వాళ్లు తమ పక్కకు వస్తారనేదే అసలు భయం. పేదల కాలనీ ఎప్పుడూ ఊరికి దూరంగా, పల్లంలో ఎందుకు ఉంటుందో ఇక్కడే తెలుస్తుంది. ఇది గట్టిగా మాట్లాడుకోవాల్సిన విషయం. గుసగుసల్లో వదిలేయకూడదు.

పటం కింద పట్టిక

లేఅవుటు పటం చూస్తే గీతలు గీతలుగా కనబడి భయం వేస్తుంది. గీతల జోలికి పోనక్కర్లేదు. పటంలో ఒక మూల చిన్న పట్టిక ఉంటుంది. మొత్తం విస్తీర్ణం ఎంత, ప్లాట్లకు ఎంత, దారులకు ఎంత, ఖాళీ స్థలం ఎంత అని అందులో రాస్తారు. మొత్తం ప్లాట్లు ఎన్నో కూడా ఉంటుంది. ఆ అంకెలు చదివితే చాలు. ప్లాట్ల సంఖ్యను ఎకరాలతో భాగిస్తే ఎకరానికి ఎన్ని ఇళ్లో తెలుస్తుంది. దారులకూ ఖాళీ స్థలానికీ వేసిన అంకెలు చిన్నవైతే ప్లాట్లు ఎక్కువ కోశారని అర్థం.

తర్వాత కాలువ గీత ఒక్కటి వెతకాలి. అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వేలు పెట్టి చూడాలి. చాలా పటాల్లో కాలువ లేఅవుటు హద్దు దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి నీళ్లు ఎటు పోతాయి? పక్క చేలోకి. ఆ చేను ఎవరిదో వాళ్లు రేపు గట్టు వేస్తారు. నీళ్లు వెనక్కి తిరిగి వస్తాయి. కాలువను ఊరి పెద్ద కాలువలో కలిపే దాకా గీత ఉండాలి.

తాగే నీటి బోరు ఎక్కడ వేస్తున్నారో చూడాలి. మరుగుదొడ్డి గుంటకూ బోరుకూ మధ్య కనీసం 10 మీటర్లు, అంటే 33 అడుగులు దూరం ఉండాలి. ఒకటిన్నర సెంటు ప్లాట్లలో ప్రతి ఇంటికీ ఒక గుంట, నాలుగిళ్లకు ఒక సొంత బోరు అయితే ఈ దూరం కుదరదు. అలాంటి చోట బోర్లు వద్దని, కాలనీకి దూరంగా ఒకే ట్యాంకు పెట్టి కుళాయిలు ఇవ్వమని తీర్మానంలో రాయించుకోవాలి.

తీర్మానం అన్నాక సంతకం వస్తుంది. సభకు రాగానే పుస్తకం తిప్పుతారు. వచ్చినట్టు సంతకం పెట్టమంటారు. పైన ఖాళీ ఉంటుంది. తీర్మానం తర్వాత రాసుకుంటారు. ఇంటికి పోయాక చూస్తే ఊరంతా ఒప్పుకున్నట్టు ఉంటుంది. వేలిముద్ర వేసే రోజుల్లో ఏం రాశారో తెలిసేది కాదు. ఇప్పుడు చదవటం వచ్చింది. తీర్మానం రాసిన తర్వాత, పైకి చదివిన తర్వాత, సంఖ్యలు సరిచూసుకున్న తర్వాత దాని కింద సంతకం పెట్టాలి. ఒప్పుకోకపోతే "ఒప్పుకోవటం లేదు, కాలువ లేదు కాబట్టి" అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టచ్చు. అది కూడా పుస్తకంలో ఉంటుంది. రేపు ఆర్డీవో చూసినా, కోర్టు చూసినా ఆ ముక్క కనబడుతుంది.

పటం చూపించకపోతే? 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం ఉంది. తెల్లకాగితం మీద అర్జీ రాయాలి. 'ఫలానా సర్వే నంబరులో లేఅవుటు పటం నకలు, దాని మీద పంచాయతీ చేసిన తీర్మానం నకలు ఇవ్వగలరు' అని రెండు ముక్కలు చాలు. కింద పేరు, ఊరు, తేదీ, సంతకం. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి ఆఫీసులో ఈ అర్జీకి ఫీజు లేదు. నకలు కాగితాలకు మాత్రం కొద్దిగా డబ్బు అడగచ్చు. అర్జీ ఇచ్చినట్టు రసీదు తీసుకోవాలి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు పెట్టుకోవచ్చు. అర్జీ రాసేటప్పుడు సర్వే నంబరు తప్పు పడకుండా వీఆర్వోను అడిగి సరిచూసుకోవాలి. నంబరు ఒక్కటి తప్పితే అర్జీ వెనక్కి వస్తుంది.